హెన్రీ ఫోర్డు

అది 1896వ సంవత్సరము, జూను నెల 4వ తేది. ఇంకను తెల్లవారలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని డిట్రాయిట్ నగరమున, బాగ్లీ వీధిలో, ఒక అద్దె యింటి పెరటి కొట్టులో దీపము వెలుగుచుండెను. బయట వాన కురియుచుండెను. లోపల ముప్పదిరెండేండ్ల యువకుడొకడు, తాను ఎన్నో రాత్రులు మేల్కొని నిర్మించిన వాహనమునకు చివరి మరలు బిగించుచుండెను. నాలుగు సైకిలు చక్రములు, ఒక చిన్న పెట్రోలు ఇంజను, కూర్చుండుటకు ఒక పీఠము: ఇంతే ఆ వాహనము. ఇక దానిని వీధిలోనికి త్రోసి నడిపి చూడవలెను. తీరా తలుపు దగ్గరకు తెచ్చి చూడగా, తలుపు చిన్నది, బండి పెద్దది! నిర్మించినంత కాలము ఆ సంగతి అతనికి తోచనే లేదు.

బండిని విప్పి, ముక్కలుగా బయటకు చేర్చి, వీధిలో మరల బిగింపవచ్చును. అతడట్లు చేయలేదు. గొడ్డలి యెత్తి, ద్వారబంధము ప్రక్కనున్న ఇటుక గోడను పగులగొట్టెను. ఆ సందులోనుండి బండి వెలుపలికి వచ్చెను. భార్య క్లారా గొడుగు పట్టుకొని చూచుచుండగా, స్నేహితుడొకడు సైకిలుపై ముందుగా పోవుచు దారి చూపుచుండగా, ఆ బండి గుఱ్ఱము లేకుండ డిట్రాయిట్ వీధులలో పరుగిడెను.

ఆ యువకుడే హెన్రీ ఫోర్డు. తలుపునకు పట్టని బండి యను చిక్కు పదునైదేండ్ల తరువాత అతనికి మరల ఎదురయ్యెను. అప్పుడు బండి ఒకటి కాదు, వేలకు వేలు. తలుపు కొట్టుది కాదు, దేశము నలుమూలలకు పోవు గూడ్సు బండ్లది. ఆ చిక్కు గొడ్డలితో తీరునది కాదు.

ఫోర్డు 1863వ సంవత్సరము జూలై 30వ తేదీన మిషిగన్ రాష్ట్రములో, డియర్‌బర్న్ సమీపమున ఒక రైతు ఇంట జన్మించెను. తండ్రి విలియం ఐర్లండునుండి వలస వచ్చినవాడు. కుమారుడు తనవలె నాగలి పట్టవలెనని అతని కోరిక. కుమారుని మనస్సు మాత్రము యంత్రములపై నుండెను. ఎవరైన పాడైన గడియారము తెచ్చి యిచ్చినచో, దానిని పూర్తిగా విప్పి, ఏ చక్రము దేనిని త్రిప్పుచున్నదో కనుగొని, మరల కూర్చి నడిపించెడివాడు. 1876లో, పండ్రెండేండ్ల వయస్సున, తల్లి మేరీ మరణించెను. ఆ యేడే ఒకనాడు తండ్రితో బండిమీద పోవుచు, దారిలో తనంత తాను కదలిపోవుచున్న ఆవిరి యంత్రము నొకదానిని చూచెను. గుఱ్ఱము లేకుండ బండి నడచుట అతడు కన్నులార చూచిన దదియే మొదలు. పదునారవ యేట ఇల్లు విడిచి డిట్రాయిట్ చేరి, యంత్రశాలలో పని నేర్చుకొనెను. 1891లో ఎడిసన్ పేరిట నడచుచుండిన విద్యుత్ సంస్థలో ఇంజనీరుగా చేరెను. పగలు అక్కడ ఉద్యోగము, రాత్రి పెరటి కొట్టులో ప్రయోగములు: ఇదియే ఆ యేండ్లలో అతని దినచర్య.

బండి నడచినంతమాత్రమున వ్యాపారము నడవలేదు. 1899లో కొందరు ధనికుల సహాయముతో పెట్టిన కంపెనీ రెండేండ్లలో మూతపడెను. రెండవ కంపెనీలో భాగస్వాములతో పొసగక 1902లో వెలుపలికి వచ్చెను. మూడవ ప్రయత్నముగా 1903 జూను 16వ తేదీన ఫోర్డు మోటారు కంపెనీ ఏర్పడెను. చేతిలో రొక్కము 28,000 డాలర్లు మాత్రమే. తొలిదినములలో అది కర్మాగార మనుటకంటె బిగింపుశాల యనుట తగును. ఇంజనులు, ఇరుసులు అదే నగరమునందలి డాడ్జి సోదరుల యంత్రశాలలో తయారై, గుఱ్ఱపు బండ్లపై వచ్చెడివి. పది పండ్రెండుమంది పనివారు వానిని కూర్చి కారుగా బిగించెడివారు. మోటారు కార్ల భాగములను గుఱ్ఱములు మోసికొని వచ్చుట ఇప్పుడు తలచుకొన్నచో నవ్వు వచ్చును. కాని తయారగుట యొక చోట, కూర్చుట మరియొక చోట యను పద్ధతి ఆ గుఱ్ఱపు బండ్లతోనే అతనికి పరిచయమయ్యెను.

ఆ కాలమున మోటారు కారు ధనవంతుల విలాసవస్తువు. ఫోర్డు దృష్టి వేఱు. తన తండ్రివంటి రైతు కొనదగిన కారు, బురద బాటలలో నడచునది, చెడిపోయినచో రైతే బాగుచేసికొనదగినది కావలెనని అతని పట్టుదల. 1908లో వెలువడిన మోడల్-టి యను కారు అట్టిది. దాని నేల ఎత్తు ఎక్కువ. బరువు సుమారు 1,200 పౌండ్లు. వెల 850 డాలర్లు. తొలి యేట సుమారు పదివేల కార్లు అమ్ముడుపోయెను. 1910లో హైలండ్ పార్కు అను చోట బ్రహ్మాండమైన కర్మాగారము వెలసెను. కార్లు వేలనుండి లక్షలకు పెరుగసాగెను.

అప్పుడు పాత చిక్కు మరల ఎదుట నిలిచెను.

డిట్రాయిట్ నగరము దేశమునకు ఉత్తరపు సరిహద్దున నున్నది. కొనెడి రైతులు టెక్సస్‌లోను, కాలిఫోర్నియాలోను, మిసిసిపీ నది కావల మైదానములలోను ఉన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరము డిట్రాయిట్‌కు రెండువేల మైళ్లకు పైబడిన దూరము. అంత దూరము కారు నడపించుకొని పోవుటకు నాడు తగిన బాటలు లేవు. రైలే గతి. గూడ్సు పెట్టెలో నిండుగా బిగించిన కార్లు మూడో నాలుగో పట్టెడివి. నాలుగు కార్ల బరువు 5,000 పౌండ్లకు మించదు. ఆ పెట్టె అంతకు పదిరెట్లు మోయగలది. తక్కిన చోటంతయు గాలియే. కార్ల పీఠముల నడుమ గాలి, చక్రముల నడుమ గాలి, పైకప్పు క్రింద గాలి. అయినను రైలు కంపెనీలు తేలికయై చోటెక్కువ తినెడి సరకునకు కనీసపు బరువు నొకదానిని నిర్ణయించి, సరకు అంత తూగకున్నను దానికి తగిన కిరాయి పుచ్చుకొనెడివి. కారు వెల డిట్రాయిట్‌లో ఇంత యని ప్రకటించెడివారు. దానిపైన రవాణా ఖర్చు కొనువాడే భరింపవలెను. దూరమున నున్న రైతు, కారుతోపాటు దాని లోపలి గాలికి కూడ కిరాయి చెల్లించుచుండెనన్నమాట! అదియు గాక, కార్లు పట్టునంత వెడల్పు తలుపులున్న పెట్టెలు తగినన్ని దొరకుట కష్టమయ్యెను.

మన పల్లెలలో పట్టెమంచమును దూరపు ఊరికి చేర్చవలసినప్పుడు ఏమి చేయుదురు? కోళ్లు ఊడదీసి, పట్టెలు కట్టగట్టి, నవారు చుట్టచుట్టి బండిలో వేయుదురు. ఒక మంచము పట్టిన చోట నాలుగైదు మంచములు పట్టును. ఊరు చేరిన పిమ్మట వడ్రంగి అరగంటలో బిగించును. ఫోర్డు కంపెనీ చేసినదియు ఇదియే. చట్రములు ఒక పెట్టెలో, ఇంజనులు ఒక పెట్టెలో, ఇరుసులు, చక్రములు వేఱొకదానిలో. మడ్‌గార్డులు ఒకదానిపై నొకటి ఒదుగునట్లు పేర్చి పంపసాగిరి. మూడు నాలుగు కార్లు పట్టిన పెట్టెలో ఇరువదికి పైబడిన కార్ల భాగములు పట్టెను. కారు పైభాగము, అనగా మనుష్యులు కూర్చుండు తొట్టివంటి భాగము, అన్నిటికంటె ఎక్కువ చోటు తినెడిది. నిండుగా బిగించినచో ఒక పెట్టెలో అట్టివి పదియైనను పట్టెడివి కావు. తరువాత తరువాత దానిని కూడ పలకలుగా విప్పి పంపు ఉపాయము కనుగొనిరి. అప్పుడు ముప్పదియారడుగుల పెట్టెలో 130 పట్టెను.

చెప్పుట తేలిక. మంచము విషయమున ఊరి వడ్రంగి కొంత చెక్కి, కొంత మేకు కొట్టి సరిపెట్టగలడు. కారు విషయమున అది సాగదు. నాటి కార్ల కర్మాగారములలో నిపుణులు ఆకురాయి పట్టి, ప్రతి భాగమును దాని ప్రక్క భాగమునకు సరిపోవువరకు రాచి అమర్చెడివారు. ఒక కారు ఇరుసు వేఱొక కారునకు పట్టదు. అట్టి భాగములను రెండువేల మైళ్లు పంపి లాభమేమి? ఒక పెట్టెలోని ఏ ఇరుసైనను మరియొక పెట్టెలోని ఏ చట్రమునకైనను తడుముకొనకుండ పట్టవలెను. అందువలన చౌక రవాణా రైలు స్టేషనులో గాక, యంత్రశాలలో ప్రారంభమయ్యెను. ఫోర్డు ఇంజనీర్లు ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క ప్రత్యేక యంత్రమును ఏర్పరచి, కొలతబద్దలతో సరిచూచి, వెంట్రుకవాసి తేడా కూడ లేకుండ భాగములను పోతపోసిరి, తరిమిరి, తొలిచిరి. ఆకురాయికి అక్కడ పని లేకుండ పోయెను. మోడల్-టి ఒక్కటే నమూనాగా పందొమ్మిదేండ్లు సాగుట కూడ ఈ పనికి తోడ్పడెను. నమూనా మారనిచో దూరపు బిగింపుశాలలో నిలువ చేసిన భాగములు ఏనాటికైనను అక్కరకు వచ్చును.

1912లో మిసోరీ రాష్ట్రమునందలి కాన్సస్ సిటీలో మొదటి శాఖ బిగింపుశాల పని ప్రారంభించెను. డెన్మార్కునుండి వలస వచ్చిన విలియం నుడ్సెన్ అను దృఢకాయుడైన ఇంజనీరునకు ఈ శాఖలను నిర్మించు భారము అప్పగింపబడెను. అతడు ఊరూర తిరిగి స్థలములు చూచి, రైలుమార్గము కర్మాగారపు గోడను ఆనుకొని పోవునట్లు కట్టించెను. పెట్టెలు దింపుట, ఎత్తుట, మోయుట యనునవి ఎంత తగ్గినచో అంత లాభము. 1915 నాటికి లాస్ ఏంజలిస్, శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్, మినియాపొలిస్ మున్నగు దూరపు నగరములలో శాఖలు వెలసెను. మినియాపొలిస్‌లోనిది పది అంతస్తుల భవనము. శాఖలో కారు బిగింపబడి వెలుపలికి వచ్చి, ఆ జిల్లాలోని వర్తకుని దుకాణమునకు తన చక్రములపై తానే నడచిపోయెడిది.

హైలండ్ పార్కులో 1913లో మరియొక గొప్ప మార్పు జరిగెను. పనివాడు కారు దగ్గరకు పోవుటకు బదులు, కారు చట్రమే కదలుచు పనివాని దగ్గరకు వచ్చునట్లు గొలుసు మార్గము నేర్పరచిరి. చట్రము బిగించుటకు లోగడ పండ్రెండున్నర గంటలు పట్టుచుండగా, 1914లో గంటన్నరతో ముగియసాగెను. చరిత్రకారులు ఫోర్డు పేరు చెప్పగానే ఈ గొలుసు మార్గమునే పొగడుదురు. అది న్యాయమే. కాని గంటన్నరకొక కారు బిగించి, దానిని కొనువానికి చేర్చుటకు దాని వెలలో పెద్ద భాగము కిరాయికే పోయినచో, రైతు వాకిటికి కారు వచ్చెడిదే కాదు. ఈ రెండు ఉపాయములు బండికి రెండు చక్రముల వంటివి. వీని ఫలితముగా వెల యేటేట తగ్గెను. 1925 నాటికి మోడల్-టి రకములలో అన్నిటికంటె చౌకయైనది 260 డాలర్లకే లభించెను.

ఇదే పద్ధతి సముద్రములు కూడ దాటెను. ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున 1911లోనే బిగింపుశాల ఏర్పడెను. జపానులోని యోకొహామాలో 1925లో వెలసెను. బ్రిటిషు సామ్రాజ్యమునకు చెందిన దేశములకు కెనడాలోని ఫోర్డు కంపెనీ సరకు పంపెడిది. అట్లు 1926లో భారతదేశమున కూడ ఫోర్డు కంపెనీ స్థాపింపబడి, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో బిగింపుశాలలు నడచెను. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలో నుండెడివి. కొయ్యపెట్టెలలో ఓడనుండి దిగిన భాగములు మద్రాసులో కార్లై నిలిచెడివి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, దేశములోనే భాగములు తయారు కావలెనను నియమము బలపడగా, 1950వ దశకమున ఆ కంపెనీ మూతపడెను.

రవాణాలో ఒక్క దినము కూడ వృథాగా పోవుట ఫోర్డునకు సరిపడెడిది కాదు. దారిలో నున్న సరకు అనగా దారిలో నిద్రించుచున్న ధనమని అతని లెక్క. 1920లో డిట్రాయిట్‌నుండి దక్షిణమునకు ఒహైయో నదివరకు పోవు ఒక రైలుమార్గమును ఏబది లక్షల డాలర్లకు కొనెను. అది నష్టములతో కుంటుచున్న మార్గము. దానిని శుభ్రపరచి, వేళలు సరిచేసి, గూడ్సు బండ్లు దారిలో నిలువకుండ నడిపించెను. ముడిసరకు కర్మాగారము చేరి, కారై వర్తకునికి అందుటకు లోగడ ఇరువదిరెండు దినములు పట్టుచుండగా, పదునాలుగు దినములకు దిగెను. ఫలితముగా గిడ్డంగులలో నిలిచిపోయియుండిన సుమారు రెండుకోట్ల ఎనుబది లక్షల డాలర్ల పెట్టుబడి చేతికి వచ్చెను. 1929లో ఆ రైలుమార్గమును కొన్న వెలకు ఎన్నో రెట్లకు అమ్మివేసెను.

ఇంత లెక్క తెలిసినవానికి మనుష్యుల లెక్క అంత బాగుగ తెలియలేదు. గొలుసు మార్గముపై దినమంతయు ఒకే మర బిగించు పని పనివారికి దుర్భరమై, చేరినవారు చేరినట్లే మానివేయసాగిరి. 1914 జనవరిలో ఫోర్డు దినమునకు ఎనిమిది గంటల పనికి అయిదు డాలర్ల వేతనము ప్రకటించెను. అది నాటి కూలికి ఇంచుమించు రెట్టింపు, లోకమంతయు ఆశ్చర్యపడెను. ఆ ఫోర్డే తరువాతి కాలమున కార్మిక సంఘములను కర్మాగారపు గడప త్రొక్కనీయలేదు. 1932లో ఉద్యోగములు కోల్పోయి ఊరేగింపుగా వచ్చినవారిపై రూజ్ కర్మాగారము ఎదుట కాల్పులు జరిగి ప్రాణములు పోయెను. కార్మిక సంఘముతో అతడు ఒడంబడిక చేసికొన్నది 1941లో మాత్రమే. 1920 మొదలు తన పత్రికలో యూదులపై ద్వేషము వెదజల్లు వ్యాసములు ప్రచురింపించుట అతని జీవితమునందలి మాయని మచ్చ. 1927లో క్షమాపణ చెప్పెను గాని, ఆ వ్రాతలు చేసిన కీడు అంతటితో పోలేదు.

కారు విషయమున కూడ మొండితనము అతనిని వదలలేదు. ఏ మార్పులేని నమూనా ఒకనాడు బలమయ్యెనో, అదియే మరియొకనాడు బలహీనతయయ్యెను. జనులు రంగులు కోరిరి, సౌఖ్యము కోరిరి, ఫోర్డు వినలేదు. శాఖలన్నిటిని కట్టించిన నుడ్సెన్ 1921లో కంపెనీని విడిచి, పోటీ కంపెనీలో చేరి, షెవ్రొలె కారును వృద్ధిలోనికి తెచ్చెను. ఫోర్డు వద్ద నేర్చిన విద్యనే ఫోర్డుపై ప్రయోగించెనన్నమాట. 1927 మే నెలలో, కోటిన్నర మోడల్-టి కార్లు తయారైన తరువాత, ఫోర్డు దానిని నిలిపివేయక తప్పలేదు.

వృద్ధాప్యమున అతనికొక వింత కోరిక పుట్టెను. తన కార్లవలన మారిపోయిన పాత పల్లె జీవితమును మరల చూడవలెనని. డియర్‌బర్న్‌లో గ్రీన్‌ఫీల్డ్ విలేజి అను పేర ఒక ఊరు నిర్మింప పూనుకొనెను. అందులోని ఇండ్లు క్రొత్తగా కట్టినవి మాత్రమే కావు. దేశమున ఎక్కడెక్కడనో ఉన్న పాత భవనములను విప్పించి, తెప్పించి, మరల కూర్పించెను. మెన్లో పార్కునందలి ఎడిసన్ ప్రయోగశాలకు మరల రూపు కల్పించుటకై, అచ్చటి ఎఱ్ఱమట్టిని సైతము గూడ్సు పెట్టెలలో నింపి తెప్పించెను. 1929 అక్టోబరు 21వ తేదీన ఎనుబదిరెండేండ్ల ఎడిసన్ దానిని చూచి, నేల ఇంత శుభ్రముగా ఎన్నడును లేదని మాత్రము తప్పుపట్టెనట. ఇంగ్లండులోని కాట్స్‌వోల్డ్ ప్రాంతపు రాతి యిల్లొకటి, ఒక్కొక్క రాతికి అంకె వేసి, సంచులలో కట్టి, ఓడపై వచ్చి అక్కడ వెలసెను. విమానము నిర్మించిన రైట్ సోదరుల యిల్లు, వారి సైకిలు దుకాణము డేటన్ నగరమునుండి వచ్చెను. బాగ్లీ వీధిలోని పెరటి కొట్టునకు కూడ ప్రతిరూపము కట్టించెను.

1943లో ఏకైక పుత్రుడు ఎడ్సెల్ నలుబదితొమ్మిదేండ్ల వయస్సున మరణించెను. ఆ దెబ్బనుండి ఫోర్డు కోలుకొనలేదు. మరుసటి యేడు, తాను పుట్టిన రైతు ఇంటిని పాత చోటినుండి తరలించి గ్రీన్‌ఫీల్డ్ విలేజికి చేర్పించెను. 1947 ఏప్రిల్ 7వ తేదీన రూజ్ నది పొంగి, అతని భవనమునకు విద్యుత్తు నిలిచిపోయెను. ఆ రాత్రి కిరోసిను దీపపు వెలుగులో, ఎనుబదిమూడేండ్ల వయస్సున, హెన్రీ ఫోర్డు కన్నుమూసెను. క్లారా ప్రక్కనే ఉండెను.